లీజు కారు – వ్యాపార వ్యయము: ఆదాయపు పన్ను లెక్కలలో దాని స్థానము

ఆంధ్రదేశపు ఎల్లలు దాటి తరతరములుగా స్థిరపడిన తెలుగువారి జీవనము చాలవరకు వర్తకముపైనను, చేతిపనులపైనను, స్వతంత్ర వృత్తులపైనను ఆధారపడి యున్నది. సోలాపురములో మగ్గములు నడుపు పద్మశాలి కుటుంబములు, బళ్ళారిలోని ప్రత్తి వర్తకులు, హోసూరు ప్రాంతపు తోట రైతులు, కోయంబత్తూరులోని నూలు మిల్లులవారు, బరంపురములోని పట్టుబట్టల వర్తకులు, యానాములోని టోకు వ్యాపారులు – వీరిలో ఎవరికిని ప్రయాణము తప్పదు. సరకు ఒక రాష్ట్రమున, కొనుగోలుదారు మరియొక రాష్ట్రమున, బంధువర్గము వేరొక రాష్ట్రమున ఉండుట వీరి బ్రతుకులోని విశేషము. కారు వీరికి విలాసవస్తువు కాదు, పనిముట్టు.

ఇటీవలి కాలమున కారును కొనుటకు బదులు లీజుకు తీసికొను పద్ధతి వ్యాపించుచున్నది. నెలకింత యని బాడుగ చెల్లించి, గడువు తీరగనే బండిని తిరిగి అప్పగించుట ఈ పద్ధతి. దీనిని ఎంచుకొనువారికి సాధారణముగా వినవచ్చు మాట యొకటి కలదు: “బాడుగ యంతయు ఖర్చు వ్రాసికొనవచ్చును, పన్ను తగ్గును” అని. ఈ మాటలో సత్యము కొంత కలదు, కాని అది సగము సత్యము మాత్రమే. మిగిలిన సగమును తెలియక లెక్క వ్రాసినవారు తరువాత పన్నును, వడ్డీని, అపరాధమును చెల్లింపవలసి వచ్చును. లీజు పత్రములు సామాన్యముగ ఇంగ్లీషులో ఉండుటచే, చదువక సంతకము చేయువారును కలరు. కావున ఈ విషయమును మూలసూత్రముల నుండి పరిశీలించుట యుక్తము.

చట్టపు భూమిక

భారతదేశమున ఆదాయపు పన్ను తొలుత 1860లో విధింపబడినది. తరువాత 1886, 1918, 1922 సంవత్సరములలో క్రమముగా చట్టములు మారినవి. 1961 నాటి చట్టము 1962 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి ఆరు దశాబ్దములకు పైగా ఆధారముగా నిలిచినది. దాని స్థానమున 536 సెక్షనులతో కూర్చబడిన 2025 నాటి క్రొత్త చట్టమునకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయింపబడినది. క్రొత్త చట్టములో సెక్షనుల సంఖ్యలు మారినవి. కాని వ్యాపార వ్యయమును గూర్చిన మూలసూత్రములు మారలేదు. న్యాయస్థానముల తీర్పులన్నియు పాత సంఖ్యలతోనే ఉండుటచే, ఈ వ్యాసమున పేర్కొన్న సెక్షను సంఖ్యలు 1961 నాటి చట్టమునకు చెందినవిగా గ్రహింపవలెను.

ఈ పన్ను కేంద్ర ప్రభుత్వముది. కావున మహారాష్ట్రములోని వర్తకునికిని, కర్ణాటకములోని వర్తకునికిని సూత్రము ఒక్కటే. ఫ్రెంచి పాలన నుండి వెలువడిన యానాము మొదలగు ప్రాంతములకు ఈ చట్టము 1963 ఏప్రిల్ 1 నుండి వర్తించినది. రాష్ట్రమును బట్టి మారునది మోటారు వాహనపు పన్ను మాత్రమే. ఈ రెండింటిని కలిపి చూచుటవలన చాలమంది భ్రమపడుచున్నారు.

వ్యయము అనిపించుకొనుటకు ఐదు షరతులు

వ్యాపారపు ఆదాయమును లెక్కించునపుడు ఏయే వ్యయములను తీసివేయవచ్చునో 30 నుండి 37 వరకు గల సెక్షనులు తెలుపును. కారు బాడుగకు ప్రత్యేకమైన సెక్షను ఏదియు లేదు. అది 37(1) అను సాధారణ సెక్షను క్రిందికి వచ్చును. ఆ సెక్షను ప్రకారము వ్యయమునకు ఐదు లక్షణములు ఉండవలెను. మొదటిది, అది 30 మొదలు 36 వరకు గల సెక్షనులలో చెప్పబడినది కాకూడదు. రెండవది, అది మూలధన వ్యయము కాకూడదు. మూడవది, అది సొంత ఖర్చు కాకూడదు. నాల్గవది, అది సంపూర్ణముగను, కేవలముగను వ్యాపారము నిమిత్తమే చేయబడి యుండవలెను. ఐదవది, అది నేరమునకు గాని చట్టము నిషేధించిన పనికి గాని చేయబడినది కాకూడదు.

నాల్గవ షరతును గూర్చి ఒక చరిత్ర కలదు. 1961 నాటి బిల్లును ప్రవేశపెట్టినపుడు, వ్యయము “అవశ్యకముగ” చేయబడినదై యుండవలెనని కూడ అందు చేర్చబడినది. ప్రజలనుండి అభ్యంతరములు వచ్చుటచే ఆ పదము తొలగింపబడినది. 1979లో సాసూన్ జె. డేవిడ్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతిని గుర్తుచేసి, వ్యాపారము నిమిత్తము స్వచ్ఛందముగ చేసిన వ్యయము, అది తప్పనిసరి కాకపోయినను, తీసివేతకు అర్హమని తీర్పు చెప్పినది. దీని ఫలితమేమనగా, “బస్సులో పోవచ్చును గదా, కారు ఎందులకు?” అని అధికారి ప్రశ్నించి వ్యయమును త్రోసిపుచ్చుటకు వీలులేదు. కాని “ఈ ప్రయాణము వ్యాపారమునకేనా?” అని ప్రశ్నించుటకు అతనికి సంపూర్ణాధికారము కలదు. మొదటి ప్రశ్నకు వర్తకుడు జవాబు చెప్పనక్కరలేదు; రెండవ ప్రశ్నకు ఆధారములతో జవాబు చెప్పవలెను.

యజమాని ఎవరు?

కారు కొన్నవానికి 32వ సెక్షను ప్రకారము తరుగుదల లభించును. లీజుకు తీసికొన్నవానికి బాడుగ లభించును. ఒకే బండిపై ఒకే వ్యక్తి రెండింటిని పొందజాలడు. తరుగుదల యజమానికి చెందిన హక్కు; బాడుగ యజమాని కానివాని వ్యయము. కావున అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసినది యాజమాన్యము.

ఇక్కడ ఒక చిక్కు కలదు. లీజు కారు తరచుగా బాడుగదారుని పేరనే రిజిస్టరు చేయబడును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 2(30) సెక్షను, లీజు ఒప్పందముపై బండిని స్వాధీనమునందుంచుకొన్నవానినే “యజమాని” యని నిర్వచించుటయే దీనికి కారణము. రిజిస్ట్రేషను పత్రముపై తన పేరు చూచుకొని “నేనే యజమానిని, తరుగుదల నాది” అని భావించుట సహజము. ఈ సందేహము కర్ణాటకమునకు చెందిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు వరకు పోయినది. మణిపాల్‌లోని ఐ.సి.డి.ఎస్. అను సంస్థ వాహనములను కొని లీజుకు ఇచ్చుచుండెను. వాహనములు బాడుగదారుల పేర రిజిస్టరు అయినవి కావున ఆ సంస్థ యజమాని కాదనియు, అప్పిచ్చినది మాత్రమే యనియు పన్ను శాఖ వాదించినది. కర్ణాటక హైకోర్టు శాఖ పక్షమున తీర్పు చెప్పినది. 2013 జనవరి 14న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, మోటారు చట్టములోని నిర్వచనము ఆ చట్టపు ప్రయోజనములకే పరిమితమనియు, ఒప్పందము ప్రకారము బండి సంస్థదే గనుకను, గడువు తీరిన పిదప అది సంస్థకే తిరిగి చేరవలెను గనుకను, తరుగుదల సంస్థకే చెందుననియు నిర్ణయించినది.

దీనివలన బాడుగదారునికి తెలియవలసిన నీతి ఒకటే. రిజిస్ట్రేషను పత్రము చూచి గాక, లీజు పత్రములోని షరతులు చూచి యాజమాన్యము నిర్ణయింపబడును. గణకశాస్త్ర ప్రమాణములను బట్టి బాడుగదారు తన ఆస్తి అప్పుల పట్టికలో బండిని ఆస్తిగ చూపినను పన్ను విషయమున ఫలితము మారదని 2001 ఫిబ్రవరి 9 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు కూడ స్పష్టపరచినది.

పేరు లీజు, తీరు వాయిదాల కొనుగోలు

పత్రముపై “లీజు” అని వ్రాసినంత మాత్రమున అది లీజు కాదు. గడువు తీరిన పిదప బండి బాడుగదారునికే చెందుననియో, నామమాత్రపు ధర చెల్లించి కొనుటకు అతనికి హక్కు కలదనియో పత్రములో ఉన్నయెడల, అది వాయిదాల పద్ధతి కొనుగోలుగా పరిగణింపబడవచ్చును. అట్టి ఒప్పందముల విషయమున 1943 మార్చి 23 నాటి సర్క్యులరు మార్గము చూపినది. దాని ప్రకారము నెలనెల చెల్లించు మొత్తములో కొంత బండి వెల, కొంత బాడుగ. బాడుగ భాగము మాత్రమే వ్యయముగ తీసివేయబడును. వెల భాగము మూలధన వ్యయము. దానిపై తరుగుదల లభించును.

కావున సంతకమునకు ముందు పత్రములో నాలుగు వాక్యములను వెదకి చదువవలెను. గడువు ముగిసిన పిదప బండి ఎవరిది? మధ్యలో బండిని అప్పగించినచో అపరాధ రుసుము ఎంత? భీమా, మరమ్మతు ఎవరి భారము? డిపాజిట్టు ఎపుడు, ఎంత తిరిగి వచ్చును? తిరిగి వచ్చు డిపాజిట్టు వ్యయము కాదు, అది రావలసిన బాకీ. దానిని ఖర్చు వ్రాసికొనుట తరచుగా జరుగు పొరపాటు.

సొంత వాడుక: అసలు పరీక్ష

పగలు సంతకు పోయిన కారే సాయంకాలము పెండ్లికి పోవును. కుటుంబ వ్యాపారములలో ఇది అనివార్యము. చట్టము దీనిని నేరముగ భావింపలేదు. భాగము పంచుమని మాత్రమే చెప్పినది. సొంత వాడుకకు చెందిన భాగము 37(1) ప్రకారము సొంత ఖర్చు గనుక త్రోసివేయబడును. సొంత యంత్రముల తరుగుదల, మరమ్మతుల విషయమున 38(2) సెక్షను కూడ ఇదే న్యాయమును చెప్పి, వ్యాపారమునకు వాడిన న్యాయమైన భాగమునే అంగీకరించును.

ఆ భాగమును నిర్ణయించుటకు మిక్కిలి విశ్వసనీయమైనది ప్రయాణపు పుస్తకము. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, పని, మీటరు అంకె – ఈ ఐదు గడులు చాలును. ప్రతిదినము డ్రైవరు గాని యజమాని గాని రెండు నిమిషములలో నింపగల పని యిది. దీనికి బలము చేకూర్చునవి పెట్రోలు రసీదులు, టోలు రుసుముల ఖాతా పట్టికలు, కొనుగోలుదారుల బిల్లులు. బరంపురము వర్తకుడు ఇచ్ఛాపురము పోయినట్లు పుస్తకమున వ్రాసినచో, ఆనాడు ఇచ్ఛాపురపు కొనుగోలుదారునితో జరిగిన వ్యవహారము ఆవర్జాలో కనబడవలెను. రెండు పుస్తకములు ఒకదానికొకటి సాక్ష్యము పలికినపుడు అధికారికి సందేహమునకు చోటుండదు. సంవత్సరాంతమున ఒకే సిరాతో, ఒకే కూర్చుబాటున వ్రాసిన పుస్తకమునకు ఆ బలము రాదు.

ప్రైవేటు లిమిటెడు కంపెనీల స్థితి కొంత భిన్నము. కంపెనీ కృత్రిమ వ్యక్తి గనుక దానికి “సొంత వాడుక” అనునది ఉండజాలదని 2002లో సయాజీ ఐరన్ కంపెనీ వ్యాజ్యమున గుజరాతు హైకోర్టు చెప్పినది. కాని డైరెక్టరు సొంత పనికి వాడిన భాగము అతని చేతిలో పన్ను వేయదగిన సౌకర్యముగ లెక్కింపబడవచ్చును. పన్ను భారము తొలగుట లేదు, చేతులు మారుచున్నది. ఏక యజమాని వ్యాపారమునకును, భాగస్వామ్య సంస్థకును ఈ తీర్పు వర్తించునని భావింపరాదు.

ఒక ఉదాహరణము

సోలాపురములో దుప్పట్లు, తువాళ్ళు నేయించు ఒక భాగస్వామ్య సంస్థను ఊహింపుడు. అది నెలకు 30,000 రూపాయల బాడుగపై కారు తీసికొన్నది. సంవత్సరమునకు బాడుగ 3,60,000 రూపాయలు, డ్రైవరు జీతము 1,80,000 రూపాయలు, పెట్రోలు 1,20,000 రూపాయలు; మొత్తము 6,60,000 రూపాయలు. ప్రయాణపు పుస్తకము ప్రకారము కారు తిరిగిన 20,000 కిలోమీటర్లలో 16,000 వ్యాపారమునకు, 4,000 భాగస్వాముల ఇంటి పనులకు. అనగా వ్యాపార భాగము నూటికి 80.

కావున తీసివేయదగిన వ్యయము 5,28,000 రూపాయలు. మిగిలిన 1,32,000 రూపాయలు భాగస్వాముల సొంత ఖర్చు. భాగస్వామ్య సంస్థకు పన్ను రేటు నూటికి 30, దానిపై విద్యారోగ్య సెస్సు నూటికి 4, వెరసి నూటికి 31.20. దాని ప్రకారము తగ్గు పన్ను 1,64,736 రూపాయలు. సంస్థ చేతినుండి నిజముగ పోవునది 4,95,264 రూపాయలు. ఇచట మరువరాని విషయము కలదు: వ్యయము చూపిన ప్రతి రూపాయికి తిరిగి వచ్చునది 31 పైసలు మాత్రమే. మిగిలిన 69 పైసలు సంస్థవే. పన్ను తగ్గించుకొనుటకై అక్కరలేని కారు తీసికొనుట, రూపాయి పారవేసి ముప్పదియొక్క పైసలు ఏరుకొనుట వంటిది.

ఇక అదే సంస్థ సొంత వాడుకను దాచి మొత్తము 6,60,000 రూపాయలును వ్యాపార వ్యయమని చూపెననుకొందము. అధికముగ తగ్గిన పన్ను 41,184 రూపాయలు. పరిశీలనలో ఆధారము చూపలేకపోయినచో ఆ పన్నును, దానిపై వడ్డీని చెల్లింపవలెను. అంతటితో తీరదు. ఆధారము లేని వ్యయమును చూపుట 270ఎ సెక్షను ప్రకారము ఆదాయమును తప్పుగ నివేదించుట క్రిందికి వచ్చును. దానికి అపరాధము పన్నుకు రెండింతలు, అనగా 82,368 రూపాయలు. నలుబదియొక్క వేల ఆశకు లక్షా ఇరువది మూడు వేలకు పైగా మూల్యము!

కొనుటయా, లీజా?

ఎక్కువ తీసివేత లభించునది లాభకరమను భావము కలదు. దీనిని అంకెలతో పరీక్షింపవచ్చును. సంపూర్ణముగ వ్యాపారమునకే వాడు కారు, మూడు సంవత్సరముల కాలము, పన్ను రేటు పైన చెప్పినదే అనుకొందము. భీమా, మరమ్మతులు లీజు బాడుగలోనే చేరియున్నవి. పెట్రోలు, డ్రైవరు ఖర్చులు రెండు పద్ధతులలోను సమానము గనుక విడువబడినవి.

లీజులో మూడేండ్ల బాడుగ 10,80,000 రూపాయలు. తగ్గు పన్ను 3,36,960 రూపాయలు. నికరముగ పోవునది 7,43,040 రూపాయలు. చివరకు కారు ఉండదు.

కొనుగోలులో కారు వెల 12,00,000 రూపాయలు, అప్పు వడ్డీ మూడేండ్లకు 1,80,000 రూపాయలు, భీమా మరమ్మతులు 1,50,000 రూపాయలు అనుకొందము. బాడుగకు త్రిప్పని కార్లకు 1962 నాటి నియమావళి విధించిన తరుగుదల నూటికి 15, అదియు తగ్గుచు పోవు విలువపై. ఏప్రిల్ మాసములో కొన్నచో మొదటి సంవత్సరము 1,80,000, రెండవది 1,53,000, మూడవది 1,30,050 రూపాయలు. వెరసి 4,63,050 రూపాయలు. కొన్న సంవత్సరమున 180 దినములకు తక్కువ వాడినచో ఆ యేటి తరుగుదల సగమే లభించును. తరుగుదల, వడ్డీ, భీమా మరమ్మతులు కలిపి తీసివేత 7,93,050 రూపాయలు; తగ్గు పన్ను 2,47,432 రూపాయలు. మూడేండ్ల పిదప కారు 7,00,000 రూపాయలకు అమ్ముడుపోయినచో నికరముగ పోవునది 5,82,568 రూపాయలు.

ఈ అంకెలలో లీజుకు తీసివేత ఎక్కువ, కాని భారమును ఎక్కువే. తేడా 1,60,472 రూపాయలు. అయితే కారు 5,00,000 రూపాయలకు మాత్రమే అమ్ముడుపోయినచో కొనుగోలు భారము 7,82,568 రూపాయలకు పెరిగి, లీజే 39,528 రూపాయలు చవుక యగును. పాత కారు ధర పడిపోవు ప్రమాదమును లీజు సంస్థ భరించును. దానికి ప్రతిఫలమే అధిక బాడుగ. మూలధనము సరకులో పెట్టవలసిన వర్తకునికి, మూడేండ్లకొకమారు బండి మార్చువానికి లీజు అనుకూలము. ఒకే కారును పదేండ్లు వాడువానికి కొనుగోలే మేలు. పన్ను ఈ నిర్ణయమున ఒక అంకె మాత్రమే. నిర్ణయమంతయు అది కాదు.

చెల్లింపు విధానములోని నియమములు

వ్యయము న్యాయమైనదే యైనను చెల్లించిన తీరు సరిగా లేకపోయినచో తీసివేత పోవును. మొదటిది రొక్కము. 40ఎ(3) సెక్షను ప్రకారము ఒక దినమున ఒక వ్యక్తికి 10,000 రూపాయలకు మించి రొక్కముగ చెల్లించిన వ్యయము త్రోసివేయబడును. బిల్లును ముక్కలు చేసి అదే దినమున చెల్లించినను మొత్తమునే చూతురు. కావున బాడుగ బ్యాంకు ద్వారానే చెల్లింపవలెను.

రెండవది, చెల్లింపు సమయముననే పన్ను కోసి ప్రభుత్వమునకు కట్టు విధానము, వ్యవహారములో టి.డి.ఎస్. అనునది. 194-ఐ సెక్షను ప్రకారము యంత్రములు, వాహనముల బాడుగపై నూటికి 2 కోయవలెను. 2025 ఏప్రిల్ 1 నుండి ఒక నెలకు 50,000 రూపాయలు మించిన బాడుగకే ఇది వర్తించును. భాగస్వామ్య సంస్థలు, కంపెనీలు దీనికి బద్ధులు. ఏక యజమానికిని, అవిభక్త కుటుంబమునకును ముందటి సంవత్సరపు వ్యాపారము కోటి రూపాయలు, లేక వృత్తి రాబడి 50 లక్షలు మించినపుడే ఈ బాధ్యత కలుగును. నెలకు 60,000 రూపాయల బాడుగ గల సంస్థ పన్ను కోయనియెడల సంవత్సరపు బాడుగ 7,20,000 రూపాయలలో నూటికి 30, అనగా 2,16,000 రూపాయలు ఆ యేటికి త్రోసివేయబడును. పన్ను కోసి కట్టిన యేట అది తిరిగి లభించును.

మూడవది వస్తు సేవల పన్ను. 2017 జూలై 1 నుండి అమలులో నున్న ఈ పన్నును వ్యాపారి తన కొనుగోళ్ళపై చెల్లించినది తన అమ్మకపు పన్నులో తగ్గించుకొనును. కాని డ్రైవరుతో సహా పదముగ్గురికి మించని ప్రయాణీకుల వాహనముల విషయమున కేంద్ర వస్తు సేవల పన్ను చట్టపు 17(5) సెక్షను ఈ సౌకర్యమును నిరోధించినది. అట్టి వాహనముల బాడుగకును ఇదే నిషేధము. టాక్సీలు నడుపువారు, డ్రైవింగు నేర్పువారు మొదలగువారికి మాత్రము మినహాయింపు కలదు. తిరిగి రాని ఆ పన్ను బాడుగలో భాగమై, దానితో బాటు ఆదాయపు పన్ను లెక్కలో వ్యయముగ చేరును.

నాల్గవది, రోడ్డు నియమముల ఉల్లంఘనకు పోలీసులు విధించిన జరిమానాలు. వ్యాపార ప్రయాణములోనే విధింపబడినను ఇవి వ్యయము కావు.

బంధువుల కారు

కూడియున్న కుటుంబములలో అన్నగారి కారునో, భార్య పేరనున్న కారునో సంస్థకు బాడుగకిచ్చుట కలదు. ఇది నిషిద్ధము కాదు. కాని 40ఎ(2) సెక్షను ప్రకారము దగ్గరి బంధువులకు బజారు ధరను మించి చెల్లించిన భాగము త్రోసివేయబడును. వ్రాతపూర్వకమైన ఒప్పందము, బయటి సంస్థల బాడుగతో పోలిక, బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండవలెను. ఆ బాడుగను పొందిన బంధువు తన ఆదాయమున చూపవలెను. సొంత వాడుకకు రిజిస్టరైన బండిని బాడుగకు త్రిప్పుటకు మోటారు వాహనముల చట్టము ప్రకారము అనుమతి అవసరము కావచ్చును గాన, ఆ సంగతి ముందుగ రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను.

ఎవరికి ఈ తీసివేత లేదు?

చిన్న వర్తకులు పలువురు 44ఎడి సెక్షను క్రింద అంచనా పద్ధతిని ఎంచుకొందురు. రెండు కోట్ల వరకు, రొక్కపు రాబడి నూటికి 5 మించనిచో మూడు కోట్ల వరకు అమ్మకము గలవారు, అమ్మకములో నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6, లాభముగ చూపి పన్ను చెల్లింతురు. వైద్యులు, న్యాయవాదులు మొదలగు వృత్తులవారికి 44ఎడిఎ ప్రకారము రాబడిలో సగము లాభము. ఈ పద్ధతులలో వ్యయములన్నియు ఇదివరకే తీసివేయబడినట్లు చట్టము భావించును. కావున కారు బాడుగను మరల వేరుగ తీసివేయుటకు వీలులేదు. బాడుగ మిక్కిలి ఎక్కువైనవారు పూర్తి లెక్కలు వ్రాసి అసలు లాభమును చూపుట మేలా యని తమ ఆడిటరుతో ఆలోచింపవలెను. ఒకమారు అంచనా పద్ధతిని విడిచినచో కలుగు పరిణామములను కూడ తెలిసికొనవలెను.

ఉద్యోగికి జీతము నుండి కారు బాడుగను వ్యాపార వ్యయముగ తీసివేయు హక్కు లేదు. యజమాని సంస్థయే కారును లీజుకు తీసికొని ఉద్యోగికి ఇచ్చినచో, ఆ సౌకర్యపు విలువ నియమముల ప్రకారము జీతములో చేర్చబడును.

ఇక క్రొత్త పన్ను రేట్ల పద్ధతిని ఎంచుకొన్న వ్యక్తులు తమకు వ్యాపార వ్యయములు పోవునేమో యని భయపడుచున్నారు. పొదుపు, భీమా మొదలగు తగ్గింపులు అనేకము ఆ పద్ధతిలో లేవు గాని, పూర్తి లెక్కలు వ్రాయు వర్తకునికి 37(1) సెక్షను క్రింది వ్యయములు యథాతథముగ ఉన్నవి.

సరిహద్దుల సమస్య

పలు రాష్ట్రములలో సంచరించు తెలుగువారికి మరియొక విషయము ముఖ్యము. మోటారు వాహనముల చట్టపు 47వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండిని పండ్రెండు నెలలకు మించి మరియొక రాష్ట్రమున ఉంచినచో, అక్కడి క్రొత్త సంఖ్య పొందవలెను. హోసూరులో నివసించి బెంగుళూరులో వ్యాపారము చేయువారు, యానాములో నివసించి కాకినాడలో అంగడి నడుపువారు దీనిని గమనింపవలెను. బండి లీజుదైనపుడు యజమాని సంస్థ సమ్మతి లేక ఈ మార్పు సాధ్యము కాదు. కావున ఏ రాష్ట్రమున బండి నిలుచునో లీజు పత్రము వ్రాయునపుడే స్పష్టపరచి, అచటనే రిజిస్టరు చేయించుట మేలు.

ముగింపు

పూర్వము మన వర్తకులు ఇంటి ఖర్చునకు ఒక పద్దు, అంగడి ఖర్చునకు ఒక పద్దు వేరు వేరుగ ఉంచిరి. పరదేశమున వర్తకము చేయువానికి పరపతి యే ఆస్తి యనియు, పరపతికి లెక్కయే మూలమనియు వారెరిగినవారు. లీజు కారు విషయమున చట్టము కోరునది కూడ అంతకంటె భిన్నము కాదు. ఒప్పందమును చదివి సంతకము చేయుట, బాడుగను బ్యాంకు ద్వారా చెల్లించుట, ప్రతి ప్రయాణమును ఆనాడే వ్రాయుట, ఇంటి వాడుకను ఇంటి పద్దులోనే చూపుట – ఈ నాలుగును పాటించిన వర్తకుడు తనకు న్యాయముగ రావలసిన తీసివేతను పూర్ణముగ పొందగలడు. అధికారి పిలిచిన నాడు పుస్తకము చేతబట్టుకొని నిశ్చింతగ పోగలడు.